మెగాబ్లాక్ తెలియని యాప్ మనకెందుకు?

ముంబైలో మూడు రోజులకు ప్లాన్ వేయమంటే ఏ యాప్ అయినా అర నిమిషంలో వేసి చేతిలో పెడుతుంది. పొద్దున గేట్‌వే, మధ్యాహ్నం ఎలిఫెంటా, సాయంత్రం హాజీ అలీ, రాత్రికి జుహూ. రంగురంగుల ఫొటోలు, పక్కన రేటింగు చుక్కలు. ఆ అందం చూసి మనం యాప్‌ను ఎంచుకుంటున్నాం. కొత్త మహానగరంలో పిల్లల్ని, పెద్దవాళ్లను వెంటేసుకుని తిరగబోయేవాళ్లు అలా ఎంచుకోకూడదని నా గట్టి వాదన. ఊరు ఎలా నడుస్తుందో తెలియని ప్లాన్ ఎంత ముచ్చటగా ఉన్నా దండగే.

మా వీధిలో ఒక కుటుంబానికి అలాంటి యాప్ ఇచ్చిన ప్లాన్ చూశాను. సోమవారం ఎలిఫెంటా అని ఉంది. సోమవారం ఆ గుహలకు సెలవు. 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు అది. దాని సెలవు రోజు కూడా తెలియని యాప్‌కు ప్లానర్ అని పేరు పెట్టుకునే హక్కు ఎక్కడిది? మర్నాడు హాజీ అలీ అంది, సముద్రం పోటు వేళలు చూడకుండానే. పోటు ఎక్కితే దర్గాకు వెళ్లే దారి నీళ్లలో మునుగుతుంది, తగ్గేదాకా ఒడ్డున నిలబడాల్సిందే. అక్కడి నుంచి కొలాబాకు ఆటోలో వెళ్లమంది. బాంద్రా, సయన్‌లకు దక్షిణాన ఆటోలు తిరగవు. ముంబైలో వారం రోజులున్న ఎవర్ని అడిగినా ఈ మాట చెబుతారు.

లోకల్ రైళ్ల దగ్గర అసలు బండారం బయటపడుతుంది. ముంబై నడిచేదే వాటి మీద. ట్రాకు పనుల కోసం సెంట్రల్, హార్బర్ లైన్లలో ఆదివారాలు మెగాబ్లాక్ పెడతారు. వెస్టర్న్ లైన్‌లో అయితే జంబో బ్లాక్ అంటారు. ఆ కొన్ని గంటలు కొన్ని రైళ్లు రద్దు. స్లో లోకల్‌ను ఫాస్ట్ ట్రాకు మీదికి మళ్లిస్తే మధ్యలో చిన్న స్టేషన్లలో ఆగదు. ఏ ఆదివారం ఎక్కడి నుంచి ఎక్కడికి బ్లాకో రైల్వే ముందే ప్రకటిస్తుంది, పత్రికల్లో వస్తుంది. అయినా మన ప్లానర్లకు ఆదివారమూ బుధవారమూ ఒకటే.

పొద్దున జనమంతా దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి పోటెత్తుతారు. ఆ వేళలో సూట్‌కేసులతో అంధేరీ నుంచి చర్చ్‌గేట్‌కు లోకల్ ఎక్కమని చెప్పడం దుర్మార్గం. సాయంత్రం విరార్ వెళ్లే ఫాస్ట్ లోకల్ ఎక్కి అంధేరీలో దిగాలనుకునేవాళ్లకు తలుపు దాకా దారి దొరకదు. రెండు లైన్లూ కలిసే దాదర్‌లో వెస్టర్న్‌కూ సెంట్రల్‌కూ వేర్వేరుగా ఉన్న ప్లాట్‌ఫారం నంబర్లను 2023 డిసెంబరులో ఒకే వరుసలోకి మార్చారు. పాత నంబరు పట్టుకుని అక్కడి స్టేషన్ వంతెనల మీద కుటుంబాన్ని అటూ ఇటూ తిప్పితే ఏమవుతుందో ఊహించండి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. రద్దీ వేళ ఏదో, ఏ దారి ఇరుకో చెప్పకుండా "నాలుగు నిమిషాల నడక" అని రాసి ఊరుకునే ప్లానర్‌కు ఈ నగరం గురించి ఏమీ తెలియనట్టే.

ఎందుకు తెలియదు? తెలుసుకుంటే యాప్ చేసేవాళ్లకు పైసా రాదు గనక. రెండో తరగతి లోకల్ టికెట్టు 5 రూపాయల నుంచి మొదలవుతుంది. అందులో వాళ్లకు కమీషన్ లేదు. హోటల్ గది బుక్ చేయిస్తే ఉంది, టూర్ టికెట్టు కొనిపిస్తే ఉంది, కారు మాట్లాడిస్తే ఉంది. ఉచితంగా ఇచ్చే యాప్ ఎక్కడ సంపాదిస్తుందో అటే మనల్ని నడిపిస్తుంది. పైగా టికెట్ల వివరాలు మేమే చేర్చుకుంటాం, మీ మెయిల్ చదవనివ్వండి అని అడుగుతుంది. మూడు రోజుల విహారానికి మన ఉత్తరాలన్నీ ఎందుకు తెరిచి పెట్టాలి?

పెద్ద సంస్థ కదా, నమ్ముదాం అనేవాళ్లూ ఉన్నారు. 2016లో గూగుల్ ట్రిప్స్ అని ఒక ప్లానర్ వచ్చింది. 2019 ఆగస్టులో దాన్ని మూసేశారు. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మ్యాపును ముందే దింపుకోవచ్చు, నిజమే. కానీ నెట్ లేనప్పుడు అది కారులో వెళ్లే దారే చెబుతుంది. రైలు, బస్సు, నడక దారులు చెప్పదు. కారు లేకుండా వచ్చినవాడు, భూగర్భ మెట్రో స్టేషన్‌లో సిగ్నల్ పోయినవాడు ఏం చేయాలి? అందుకే నడక కోసం ఆర్గానిక్ మ్యాప్స్ లాంటిది పక్కన ఉంచుకోమంటాను. నెట్ లేకపోయినా నడిచే దారి చూపిస్తుంది.

ముంబైవాళ్లు వాడేది వేరు. 2010లో సచిన్ టేకే తయారు చేసిన ఎం-ఇండికేటర్ చూడండి. అలంకారం ఏమీ లేదు, ప్రకటనలు ఉంటాయి. కానీ లోకల్ రైళ్ల వేళలు నెట్ లేకుండా చూపిస్తుంది, ఏ రైలు ఎక్కడ ఆగిపోయిందో ప్రయాణికులే ఒకరికొకరు అందులో చెప్పుకుంటారు. రోజూ లోకల్ ఎక్కేవాళ్ల అవసరంలోంచి పుట్టింది అది. మెట్రో, లోకల్, బెస్ట్ బస్సు టికెట్లన్నీ ఒకేచోట కొనడానికి 2025 అక్టోబరులో ముంబై వన్ వచ్చింది. వెళ్లే ఊరు ఢిల్లీ కానివ్వండి, చెన్నై కానివ్వండి, మొదట అడగాల్సింది అక్కడివాళ్లు ఏం వాడుతున్నారనే. రేటింగు చుక్కలు ఆ తర్వాత చూడొచ్చు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనవాళ్లంతా ముంబైకి విహారానికే పోతున్నారా? పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి క్యాన్సర్ వైద్యం కోసం తెలుగు జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు కదులుతున్నాయి. రాత్రి రైలెక్కి, తెల్లారి దాదర్‌లో దిగి, చేతిలో రిపోర్టుల సంచితో నిలబడతారు. వాళ్లు యాప్ తెరిస్తే అది అడిగే మొదటి ప్రశ్న: మీకు బీచ్‌లు ఇష్టమా, రాత్రి షికార్లు ఇష్టమా? ఆసుపత్రికి అన్న మాటకు అందులో చోటే లేదు. దాదర్ నుంచి పరేల్ స్లో లోకల్‌లో పక్క స్టేషనే అని అది చెప్పదు. రోగికి నడక కష్టమైతే బయట మీటరు మీద వచ్చే నలుపు-పసుపు ట్యాక్సీ ఉందని చెప్పదు. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల క్యాన్సర్ రోగులకు, వెంట వచ్చినవాళ్లకు ఆసరా ఇస్తోంది. ఆ ప్లాన్‌లోని హోటళ్ల జాబితాలో దాని ఊసే లేదు.

పైగా ఆ యాప్ చెప్పేదేదో తెలుగులోనూ ఉండదు. గూగుల్ మ్యాప్స్‌ను తెలుగులో పెట్టుకోవచ్చు, అంతవరకు మేలు. నేను చూసిన ప్లానర్లలో మాత్రం తెలుగు కనపడలేదు. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన కామాఠీ కూలీలు తెలుగు నేల నుంచి ఆ నగరం కట్టడానికి పోయినవాళ్లు. వలస ఇప్పటికీ ఆగలేదు. హైదరాబాదులో ఇన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఇంతమంది ఇంజనీర్లు ఉండి, దాదర్‌లో దిగిన తెలుగు తల్లికి పరేల్ దారి తెలుగులో చెప్పే ఒక్క యాప్ చేయలేరా? మెగాబ్లాక్ సమాచారం రైల్వే ఇస్తోంది. పోటు వేళల పట్టికలు అచ్చులో ఉన్నాయి. సెలవు రోజులు గేటు మీదే రాసి ఉంటాయి. ఇవన్నీ ఒకచోట చేర్చండి, నెట్ లేకుండా పనిచేసేలా చేయండి, కమీషన్ జాబితాలు తీసేయండి. డబ్బులు కట్టమంటే కడతాం.