పిల్లాడి ఒంటిమీదేనా మీ కళ్లు?

మా తాటిపాకలో ఏ పెళ్లికెళ్లినా ఇదే వరస. ‘వాడి పర్సనాలిటీకి ఒకటేం సరిపోద్దండీ, ఇంకో రెండెయ్యండి’ అంటూ మావాడి విస్తట్లో పూతరేకులు పడేస్తారు. వాడు తింటుంటే అదే నోటితో ‘పిల్లాణ్ణి కాస్త చూసుకోవద్దటమ్మా’ అని నాకు నీతులు చెబుతారు. పదేళ్లవాడండీ! చెవులున్నాయి వాడికి. ఇంటికొచ్చి అన్నం వద్దని పడుకుంటాడు. అర్ధరాత్రి ఆకలికి ఆగలేక లేచి, ఎవరికీ కనబడకుండా బిస్కెట్లు తింటాడు. ఆ దొంగతిండి వాడికి నేర్పింది ఈ మాటలే.

డ్రిల్లు పీరియడ్‌లో వాణ్ణి ‘డ్రమ్ము’ అని పిలిచింది తోటిపిల్లలు కాదు, మాష్టారు. అడిగితే ‘సరదాకండీ’ అన్నారు. బళ్లో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇది సరదా ఎలా అవుతుంది? పరీక్షలొస్తే ఆ డ్రిల్లు పీరియడ్ కూడా లెక్కలకే పోతుంది. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కడ ఆడాలి? రోడ్డెక్కితే లారీలు, ట్యాంకర్లు. ట్యూషన్ అయ్యేసరికి చీకటి.

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. మా బడి ఎదురుగా బడ్డీకొట్టుకు చిప్సు దండలు వేలాడుతుంటాయి, పక్కనే కూల్‌డ్రింకుల ఫ్రిజ్. పావులీటరు సీసాలో సుమారు 27 గ్రాముల పంచదార, అంటే ఆరు చెంచాలపైనే. కొబ్బరిబొండాలకు కరువొచ్చిన నేలా ఇది! అడగాల్సినవాళ్లు ఆ కొట్టు ముందునుంచే వెళ్తారు, ఒక్కరూ ఆగరు. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది. దాని వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు, ఎయిడెడ్ బళ్లకు వెళ్తాయి. మరి ప్రైవేటు బళ్లో పిల్లాడి ఎత్తూ బరువూ చూసేదెవరు?

కడుపు మాడ్చొద్దు, ఎదిగే వయసు, బరువు ఉన్నచోట ఆగి ఎత్తు పెరిగినా చాలన్నారు డాక్టరుగారు. అందుకే వాడికని వేరే కంచం పెట్టలేదు. ఇంటిల్లిపాదీ ఒకటే కూర, ఒకటే పెరుగన్నం. వాళ్ల నాన్న కూడా కూల్‌డ్రింకు మానేశారు. రాత్రి తొందరగా టీవీ కట్టేస్తున్నాం. నెలల తరబడి కూడగట్టిన ధైర్యాన్ని వీధి చివర ఎవరో ‘ఏరా బండోడా’ అని ఒక్క మాటతో పడగొడతారు.

సాయంత్రం బడి గ్రౌండుకు తాళం ఎందుకండీ? తియ్యండి. ఆ కొట్టును అక్కణ్ణుంచి జరిపించండి. హాజరుపట్టీలో నా కొడుక్కి పేరుంది, ఆ పేరుతోనే పిలవండి.