తెరచాపల క్రింద చదువు

సముద్రమును గూర్చి చదువుట వేఱు, సముద్రముపై చదువుట వేఱు. సీసాలో ద్రావకమున నుంచిన చేపను జూచి, పటమునకు పేరులు వ్రాసి, పరీక్ష యందు ఉత్తీర్ణుడైన వానికి పట్టము లభించును, సముద్రము లభింపదు. చెప్పగా విన్న సాక్ష్యమునకు న్యాయస్థానమున విలువ యెంతయో, శాస్త్రము నందును అంతియే.

1971లో అమెరికాలో స్థాపింపబడి, ఉడ్స్‌హోల్ రేవు కేంద్రముగ పనిచేయుచు వచ్చిన సముద్ర విద్యా సంఘము ఈ లోపమును తెరచాప ఓడలతో పూరింప బూనెను. ఆ ఓడలపై విద్యార్థి కేవలము ప్రయాణికుడు కాడు. వంతుల వారిగ రేయింబవళ్లు చుక్కాని పట్టవలెను, చాపలెత్తవలెను, వల దింపవలెను, అందు పడిన సూక్ష్మప్రాణులను సూక్ష్మదర్శినితో పరీక్షించి లెక్కింపవలెను. ఓడ తూలినను లెక్క తూలరాదు.

యంత్రనౌకలుండగా తెరచాప యెందులకని కొందఱడుగుదురు. నీటిపై తేలు ప్రాణులను పట్టు వలను గంటకు రెండు నౌకామైళ్ల మెల్లని వేగమున లాగవలెను. ఆ పనికి తెరచాప చాలును. అంతకంటె ముఖ్యము, గాలిని నమ్మి నడచువాడు గాలిని, కెరటమును, ప్రవాహమును గమనింపక తప్పదు.

ఇది వినోదయాత్ర యను వారికి లెక్కలే సమాధానము. 1986 మొదలు 2008 వఱకు ఉత్తర అట్లాంటిక్ పడమటి భాగమునను కరీబియన్ సముద్రమునను ఈ సంఘపు ఓడలు 6,100 పర్యాయములకు మించి వల లాగినవి. చేతితో నేరి లెక్కించిన ప్లాస్టిక్ తునకలు 64,000కు పైబడెను. ఆ యేరివేతలో విద్యార్థుల చేతులే పెక్కు. ఫలితములు 2010లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటింపబడెను. నూటికి 60కి పైగా వలలలో ప్లాస్టిక్ దొరకెను. లోకమున ప్లాస్టిక్ తయారీ పెరుగుచుండగా, తునకలు మిక్కిలిగ చేరు చోట మాత్రము ఆ 22 ఏండ్లలో పెంపు కానరాలేదు. అనుకొన్న దానిని గాక కన్న దానినే వ్రాసిరి. సత్యనిష్ఠకు ఇంతకు మించిన శిక్షణ యేది?

మనకిది పరాయి మాట కాదు. 1952-53లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, ఇచ్చటి విద్యార్థులతో నౌకాదళపు ఓడలపై బంగాళాఖాతమును పరిశోధించెను. వాల్తేరున నాడు పడిన ఆ దారి గడ్డి మొలవరాదు. కెరటపు హోరు తరగతి గదికి వినబడుచుండ, తీరము విడువని సముద్రవిద్య మన బిడ్డలకేల? ఏటేట కొందఱినైనను, ఒక్క మాసమైనను, ఓడ యెక్కింపుడు. పట్టమిచ్చుటకు ముందు వల చేతికీయుడు.