ఆ 18 రోజుల కూలి ఎవరిది?

నెల్లూరు తీరంలో రొయ్య ధర ఎవరినడిగినా చెప్తారు. 30 కౌంటు (కిలోకు 30 తూగే రొయ్య) ఎంత పలుకుతోంది, 100 కౌంటు నిన్నటి మీద ఎంత తగ్గింది అన్నది టీ బంకులో కుర్రాడికి కూడా నోటికి వచ్చు. అదే రొయ్యకు తల తీసే ఆడమనిషికి, పని వేళ దాటాక గంటకెంత ఇస్తున్నారో అడగండి. విడవలూరులో అడిగినా, ఇందుకూరుపేటలో అడిగినా, ముత్తుకూరులో అడిగినా మౌనమే. చాలాసార్లు ఆమెకే తెలియదు. మనం తెలుసుకోవాలనుకోలేదు.

ప్లాంటులో పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలి. ఐసు నీళ్లలోంచి రొయ్యను తీసి, తల విరిచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్లనరం లాగెయ్యాలి. అదంతా నిలబడే చెయ్యాలి. గ్లౌజులున్నా మధ్యాహ్నానికి వేళ్లు మొద్దుబారతాయి, గోళ్ల పక్కన చర్మం నాని చీలుతుంది. పట్టుబడి ఎక్కువైన రోజు లారీలు వస్తూనే ఉంటాయి. సరుకు ఆగితే పాడైపోతుంది కాబట్టి మనిషి ఆగకూడదు. తిరుగు బస్సు ఎప్పుడు కదిలితే అప్పుడే ఇల్లు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది, వారానికి 48 గంటల హద్దు పెట్టింది. దాటిన ప్రతి గంటకూ మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలంది. రెట్టింపు ఎందుకంటే, అది అలిసిన ఒంటితో చేసే గంట. ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టాల్సిన గంట. దాన్ని తీసుకునేవారికి ఖరీదు తగలాలి, తగిలితేనే అవసరమైనప్పుడు మాత్రమే తీసుకుంటారు. 2025లో మన శాసనసభ ఆ చట్టాన్ని సవరించి రోజు హద్దును పది గంటలు చేసింది. మూడు నెలల్లో చేయించదగ్గ ఓవర్‌టైమ్ (ఓటీ)ని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల హద్దు కదల్లేదు. రెట్టింపు కూలి కదల్లేదు.

లెక్క కట్టండి. ఆ 144 గంటలూ చేసిన మనిషికి రెట్టింపు బదులు మామూలు రేటే కట్టిస్తే పోయేది 144 గంటల కూలి. ఎనిమిది గంటల దినంగా చూస్తే 18 రోజులు. మూడు నెలలకోసారి 18 రోజులు, ఏడాదికి 72 రోజులు. ఊళ్లో ఎవరింట్లోనైనా 18 రోజుల కూలి డబ్బు దొంగలెత్తుకుపోతే ఊరంతా పోలీస్ స్టేషన్ ముందు నిలబడతాం. జీతంలో అంతే డబ్బు తక్కువ పడితే మాత్రం ‘అది మేస్త్రీకీ వాళ్లకీ మధ్య సంగతి’ అని తప్పుకుంటాం. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో తేల్చి చెప్పింది. వెట్టి అన్న మాట వినగానే మనకు పాత దొరల గడీలు గుర్తొస్తాయి. మన ఊరి రొయ్యల గుంట గట్టు గుర్తుకు రాదు.

ఆ గట్టు మీద రేకుల షెడ్డులో కాపలాదారు కుటుంబం ఉంటుంది. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. ఏరియేటర్లు ఆగితే లక్షల సరుకు చచ్చి తేలుతుంది. అతని పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో రాసిన కాగితం ఉండదు. ఫ్యాక్టరీల చట్టం ఆ షెడ్డు దాకా రాలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ మాత్రం ఏ పని చేసేవారికైనా కనీస వేతనం దక్కాలంటోంది. కొత్త కార్మిక కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. అయినా చేతికొచ్చిన ఆయుధాన్ని వదులుకోకూడదు. ఆ కోడ్ ప్రకారం కాంట్రాక్టర్ ఎగ్గొడితే కంపెనీ కట్టాలి. బకాయి కోసం మూడేళ్ల లోపు ఎప్పుడైనా అడగొచ్చు. కూలి ఇచ్చామని రుజువు చూపాల్సిన భారం యజమానిది. ఇవ్వలేదని కూలిమనిషి రుజువు చెయ్యనక్కర్లేదు.

రొయ్యల రైతు కష్టం అబద్ధం కాదు. తెగులు, మేత ధరలు, 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకం, అన్నీ నిజమే. కానీ కొనేవాడు ఎగుమతిదారును నొక్కితే, ఎగుమతిదారు రైతును నొక్కితే, చివరికి ఆ బరువంతా బేరమాడే నోరు లేని మనిషి మీదే పడుతోంది. దాన్ని వ్యాపారం అనుకుని ఊరుకోవడం తప్పు.

ఇలా ఊరుకోవడం ఈ నేల అలవాటు కాదు. పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న పుట్టింది ఈ తీరంలోని అలగానిపాడులోనే. ఉన్నవాళ్ల ఇంట పుట్టి, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు, కష్టపడి తెచ్చిన కూలి సారాయి పాలవుతోందని కలిసికట్టుగా లేచారు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా సారాయి ఆగింది. కూలి ఎటు పోతోందని అడిగిన జిల్లా మనది. అసలు కూలి చేతికి వచ్చిందా అని ఇప్పుడు అడగాలి.

రైతు సంఘాలు ధర కోసం కలెక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కూలి మాట కూడా అర్జీలో రాయాలి. డ్వాక్రా సమావేశంలో అప్పు వాయిదాలతో పాటు ఓటీ గంటలూ చదవాలి. బళ్లో చదివే కూతురు అమ్మ ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వచ్చిందో రోజూ నోటుబుక్కులో రాసిపెట్టాలి. లేబర్ అధికారి ఊళ్లోకి వస్తే ఆయన్ని ప్లాంటు గేటు దగ్గరే వదిలెయ్యకుండా కూలీల వీధికి తీసుకెళ్లాలి.

ఈసారి జీతాలు పడ్డ రోజున, మీ వీధిలో ప్లాంటు బస్సు దిగే ఆడవాళ్లను ఓటీ ఎంత పడిందో అడగండి. రెట్టింపు పడలేదంటే ఒక్కదాన్నే లేబర్ ఆఫీసుకు పంపకండి. మీరూ వెళ్లండి.