పాటకూ చెవికీ మధ్య కొత్త యజమాని

ఒక కంపెనీ మరొక కంపెనీని కొన్నప్పుడు పత్రికలకెక్కేది ధర. అసలు కొన్నదేమిటో తేలడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. 2014 మే 28న అమెరికాకు చెందిన యాపిల్ సంస్థ బీట్స్ ఎలక్ట్రానిక్స్‌నూ, దాని తోడు సంస్థ బీట్స్ మ్యూజిక్‌నూ 300 కోట్ల డాలర్లకు తీసుకుంటున్నట్లు ప్రకటించింది. నాటి మారకం విలువ ప్రకారం ఇది సుమారు 17,500 కోట్ల రూపాయలు. అప్పటివరకు యాపిల్ చరిత్రలో ఇంత పెద్ద కొనుగోలు లేదు. 1990వ దశకంలో నెక్స్ట్ సంస్థ కోసం అది వెచ్చించింది 40 కోట్ల డాలర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే.

చెవులకు తగిలించుకునే పరికరానికి ఇంత సొమ్మా అని ఆనాడు ఆశ్చర్యపోయినవారు అనేకులు. అప్పటికే దాదాపు 15,000 కోట్ల డాలర్ల నగదు, మదుపులు ఉన్న సంస్థ తలచుకుంటే అటువంటి హెడ్‌ఫోన్‌ను సొంతంగా తయారుచేసుకోలేదా అన్నది వారి ప్రశ్న. ప్రశ్న సహేతుకమే. యాపిల్ కొన్నది హెడ్‌ఫోన్ ఒక్కటే కాకపోవడమే దానికి జవాబు. పదేళ్లు తిరిగేసరికి ఆ కొనుగోలు ఛాయలు మన దేశంలోని సెల్‌ఫోన్ చందాదారుల దాకా వచ్చాయి.

పేరుకు పలికిన వెల

బీట్స్ సంస్థను 2006లో సంగీత వ్యాపార దిగ్గజం జిమ్మీ అయోవిన్, ర్యాప్ సంగీతకారుడు డాక్టర్ డ్రే కలిసి స్థాపించారు. మాన్‌స్టర్ అనే తీగల తయారీ కంపెనీ సహకారంతో 2008లో తొలి హెడ్‌ఫోన్ మార్కెట్‌లోకి వచ్చింది. మంద్రధ్వనిని మితిమీరి వినిపిస్తుందని శబ్ద నిపుణులు విమర్శించారు. యువతరం ఆ విమర్శను చెవిన పెట్టలేదు. గాయకులు, క్రీడాకారులు మెడలో వేసుకుని తిరిగిన ఆ పరికరం వినికిడి సాధనంగా కంటే హోదాకు గుర్తుగా చెలామణి అయింది. అమెరికాలో 100 డాలర్లకు పైబడిన హెడ్‌ఫోన్ల అమ్మకాలలో సగానికి పైగా ఆ ఒక్క పేరు కిందనే సాగాయి.

పేరును కొన్నంత మాత్రాన ఫలితం దక్కుతుందా? తైవాన్ సెల్‌ఫోన్ల సంస్థ హెచ్‌టీసీ అనుభవం వేరుగా చెబుతోంది. 2011లో ఆ సంస్థ బీట్స్‌లో సగానికి పైగా వాటాను సుమారు 30 కోట్ల డాలర్లకు తీసుకుంది. తన ఫోన్లపై బీట్స్ ముద్ర వేస్తే అమ్మకాలు పెరుగుతాయని ఆశించింది. చేతికందినది నోటికందలేదు. 2012లో వాటాలో సగాన్ని 15 కోట్ల డాలర్లకు వెనక్కి ఇచ్చేసింది. 2013లో మిగిలినదాన్ని 26.5 కోట్ల డాలర్లకు వదులుకుంది. పెట్టుబడి తిరిగి వచ్చింది గాని, ఫోన్ల వ్యాపారం గట్టెక్కలేదు. హెచ్‌టీసీ వద్ద ముద్ర ఉన్నది, ఆ ముద్రను మోసుకుపోయే అంగడి లేదు. హెచ్‌టీసీ తప్పుకొని ఏడాదైనా తిరగకముందే యాపిల్ రంగప్రవేశం చేసింది.

అమ్మకం నుంచి అద్దెకు

యాపిల్‌కు అంగడికి కొదవ లేదు. 2003లో ఐట్యూన్స్ దుకాణం తెరిచి, ఒక్కో పాటను 99 సెంట్లకు అమ్మి, సంగీత వ్యాపారాన్ని మలుపు తిప్పిన సంస్థ అది. అయితే 2013లో అమెరికాలో ఇలా పాటలను కొని దించుకోవడం మొదటిసారిగా తగ్గుముఖం పట్టింది. నెలనెలా చందా కట్టి కోరిన పాట కోరినప్పుడు వినే పద్ధతి బలపడింది. స్వీడన్‌లో పుట్టిన స్పాటిఫై 2014 మేలోనే కోటి మంది చందాదారులను దాటింది. యాపిల్ వద్ద అటువంటి సేవ లేదు.

బీట్స్ వద్ద అది ఉంది. 2014 జనవరిలో ఆరంభమైన బీట్స్ మ్యూజిక్ అమెరికాకే పరిమితమైన పసికూన. కాని దానితోపాటు పాటల కంపెనీలతో దశాబ్దాల సంబంధాలున్న అయోవిన్, డ్రేలు కూడా యాపిల్ కొలువులోకి వచ్చారు. 2015 జూన్ 30న భారత్ సహా నూరుకు పైగా దేశాలలో యాపిల్ మ్యూజిక్ మొదలైంది. అదే ఏడాది నవంబరులో బీట్స్ మ్యూజిక్ మూతపడింది. 2019 నాటికి యాపిల్ మ్యూజిక్ చందాదారులు 6 కోట్లకు చేరారు. విత్తనం చిన్నదే అయినా పడిన పొలం పెద్దది.

తర్వాతి అడుగు మరింత గమనార్హం. 2016లో వచ్చిన ఐఫోన్-7లో హెడ్‌ఫోన్ తీగను గుచ్చే రంధ్రాన్ని తొలగించారు. ఆ ఏడాది డిసెంబరులో తీగలేని ఎయిర్‌పాడ్స్ అమ్మకానికి వచ్చాయి. ఫోన్, అందులోని దుకాణం, పాటల సేవ, చెవిలోని పరికరం నాలుగూ ఒకే యజమాని చేతిలోకి చేరాయి. వేరే కంపెనీల పరికరాలు, సేవలు పనిచేయకపోలేదు. కాని సొంత సరుకుకు రాజమార్గం, పరాయి సరుకుకు కాలిబాట అన్న తేడా ఏర్పడే వీలు కలిగింది.

హెడ్‌ఫోన్ పేరు ముఖచిత్రంగా, లోపల వేరే లక్ష్యంతో సాగిన కొనుగోలు ఇదొక్కటే కాదు. 2016 నవంబరులో దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్ సంస్థ హర్మన్‌ను 800 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించి, 2017 మార్చిలో పూర్తి చేసింది. జేబీఎల్, ఏకేజీ వంటి ప్రసిద్ధమైన పేర్లు హర్మన్‌వే. అయినా శామ్‌సంగ్ ప్రధానంగా ఆశించింది కార్లలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థల వ్యాపారాన్ని. హర్మన్ అమ్మకాలలో సుమారు మూడింట రెండు వంతులు ఆ రంగానివే.

చట్టం చూసినది, చూడనిది

బీట్స్ ఒప్పందాన్ని యూరోపియన్ కమిషన్ 2014 జూలైలో ఆమోదించింది. హెడ్‌ఫోన్ల మార్కెట్‌లో రెండు కంపెనీల ఉమ్మడి వాటా స్వల్పమనీ, బోస్, సెన్‌హైజర్, సోనీ వంటి పోటీదారులు ఉన్నారనీ తేల్చింది. బీట్స్ మ్యూజిక్ ఐరోపాలో లేనే లేదు కాబట్టి పాటల సేవల్లో పోటీ దెబ్బతినదని భావించింది. ఆ రోజు లెక్కలను బట్టి ఆ నిర్ణయంలో తప్పు పట్టడం కష్టం.

అయిదేళ్లకు, 2019 మార్చిలో, స్పాటిఫై అదే కమిషన్ తలుపు తట్టింది. యాపిల్ దుకాణం ద్వారా వసూలయ్యే చందాలో 30 శాతం వరకు కమీషన్ యాపిల్‌కు చెల్లించాలి. పోనీ బయట ఇంతకంటే చౌకగా చందా దొరుకుతుందని ఐఫోన్ వినియోగదారుకు చెబుదామంటే అందుకు నాటి నిబంధనలు అడ్డుగా ఉండేవి. ఈ ఆంక్షలు చట్టవిరుద్ధమని నిర్ధారించిన కమిషన్ 2024 మార్చిలో 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించింది. యాపిల్ దీనిని న్యాయస్థానంలో సవాలు చేసింది. స్పాటిఫై ఎదుగుదలకు తమ దుకాణమే తోడ్పడిందన్నది ఆ సంస్థ వాదన.

రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. కొనుగోలు సమయంలో నియంత్రణ సంస్థలు సరుకుల వాటాలను తూచాయి. సమస్య తలెత్తినది సరుకు వద్ద కాదు, సరుకు నడిచే దారి వద్ద. దారి యజమానే ఆ దారిన సరుకు తోలే వర్తకుడు కూడా అయినప్పుడు, సుంకం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర లేదు.

మన దేశంలో

ఈ పరిణామాలు భారత్‌కు దూరపు కొండలు కావు. 2018 మార్చిలో రిలయన్స్ తన జియో మ్యూజిక్‌ను సావన్ సేవతో కలుపుతున్నట్లు ప్రకటించింది. ఉమ్మడి సంస్థ విలువను 100 కోట్ల డాలర్లకు పైగా లెక్కగట్టారు. ఇక్కడ ఫోన్ కంపెనీకి బదులు సిమ్ కార్డు కంపెనీ పాటల అంగడికి యజమాని అయింది. 2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ యాపిల్‌తో ఒప్పందం కుదుర్చుకుని, తన సొంత వింక్ మ్యూజిక్ సేవను మూసివేయాలని నిర్ణయించింది. వింక్ చందాదారులకు యాపిల్ మ్యూజిక్‌పై రాయితీలు ప్రకటించింది. 2014లో కాలిఫోర్నియాలో నాటిన మొక్క నీడ ఈ విధంగా మన పట్టణాలకూ పల్లెలకూ చేరింది.

చట్టం కూడా కొంత మేలుకుంది. ఇదివరలో మన కాంపిటీషన్ కమిషన్ కంపెనీల ఆస్తులు, టర్నోవర్ ఆధారంగానే విలీనాలను పరిశీలించేది. ఆస్తులు తక్కువగా, విలువ ఎక్కువగా ఉండే సాంకేతిక సంస్థలు ఈ వల కంతల్లోంచి జారిపోయేవి. 2023లో చట్టాన్ని సవరించారు. 2024 సెప్టెంబరు 10 నుంచి, కొనబడే సంస్థకు భారత్‌లో గణనీయమైన వ్యాపారం ఉండి, లావాదేవీ విలువ 2,000 కోట్ల రూపాయలు దాటితే కమిషన్‌కు ముందుగా తెలియజేయడం తప్పనిసరి. యాపిల్ దుకాణం నిబంధనలపై కమిషన్ 2021 డిసెంబరులోనే దర్యాప్తుకు ఆదేశించింది కూడా. అయితే ఒప్పందం తన ముందుకు రావడం వేరు, దాని వెనుక ఉన్న దారిని గుర్తించడం వేరు. యూరప్ ముందుకు 2014లో ఒప్పందం వచ్చింది. దారి మాత్రం కనిపించలేదు.

తయారీ రంగానికీ ఇందులో పాఠం ఉంది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో తైవాన్ సంస్థ ఫాక్స్‌కాన్ 2023లో శంకుస్థాపన చేసిన కర్మాగారంలో 2025 నుంచి యాపిల్ ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. ఇది స్వాగతించవలసిన పరిణామమే. కర్మాగారం ఉపాధినిస్తుంది, నైపుణ్యాన్నిస్తుంది. కాని 300 కోట్ల డాలర్లు పలికినది కర్మాగారానికి కాదు, పేరుకు, పాటల కంపెనీలతో ఉన్న పరిచయాలకు, శ్రోతను చేరే మార్గానికి. ఆ మూడూ సమకూర్చుకోనంత కాలం లాభంలో మన వంతు కూలికే పరిమితమవుతుంది.

చివరకు నష్టపోయేదీ, బాగుపడేదీ శ్రోతే. ఒకప్పుడు అంగడిలో కొన్న క్యాసెట్ అరిగిపోయేదాకా ఇంటిదే. ఏ టేప్‌రికార్డర్‌లోనైనా పాడేది, పొరుగింటికి ఎరువిచ్చినా అడిగేవారు లేరు. చందా పద్ధతిలో నూరు రూపాయలకు అటూ ఇటూగా కోట్ల పాటలు అందుబాటులోకి వచ్చిన మాట నిజం. ఈ సౌకర్యాన్ని కాదనవలసిన పని లేదు. కాని చందా ఆగితే పాట ఆగుతుంది, సేవ మూతపడితే ఏళ్ల తరబడి ఏర్చి కూర్చుకున్న పాటల పట్టీకి కొత్త చోటు వెతుక్కోవాలి. ఒక సేవ నుంచి మరొక సేవకు పట్టీని తేలికగా తరలించుకునే హక్కు, ఏ ఫోన్‌కైనా ఏ హెడ్‌ఫోన్‌నైనా తేడా లేకుండా తగిలించుకునే వీలు, ఎక్కడ చౌకో తెలుసుకునే స్వేచ్ఛ ఉంటే ఎంతమంది యజమానులు మారినా శ్రోతకు బెంగ లేదు. ఇకముందు ఇటువంటి ఒప్పందం ఏది పరిశీలనకు వచ్చినా, కంపెనీల వాటాలతోపాటు ఈ మూడింటినీ తూచి చూడవలసిన బాధ్యత నియంత్రణ సంస్థలది.