చివరి ఏడాది పిల్లల తల్లులకు

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఇక్కడ ఇంగ్లండులో మీ పిల్లలు కాథలిక్ ప్రైమరీ స్కూల్లో ఆఖరి క్లాసు, అంటే ఇయర్ సిక్స్‌కి వచ్చారా? సెప్టెంబరులో తల్లిదండ్రుల్ని స్కూలుకి పిలిచి మాట్లాడతారు. ఇంట్లో పనుందని మానెయ్యకండి. ఇద్దరూ వెళ్ళండి, చెప్పినవి రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం అక్టోబరు 31. హైస్కూలు దరఖాస్తుకి అదే ఆఖరు తేదీ. కాథలిక్ ప్రైమరీలో చదివినంత మాత్రాన కాథలిక్ హైస్కూల్లో సీటు దానంతటదే రాదండీ. కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాలి. చాలా కాథలిక్ స్కూళ్ళు విడిగా ఇంకో ఫారం కూడా అడుగుతాయి. సీట్లు చాలకపోతే మామూలుగా కాథలిక్ పిల్లలకే ముందు ఇస్తారు. మన ఊరి చర్చిలో జ్ఞానస్నానం చేయించినవాళ్ళు ఆ సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించుకోండి. మిగతావాళ్ళు ఒక్క స్కూలు పేరే రాసి ఊరుకోకండి, దగ్గర్లో ఉన్నవి కూడా రాయండి.

మే నెలలో సాట్స్ పరీక్షలుంటాయి. వాటి పేరు చెప్పి పిల్లల్ని హడలగొట్టకండి. ఏ స్కూల్లో సీటొచ్చిందో మార్చి మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ మార్కులకీ సీటుకీ సంబంధం లేదు.

వచ్చే ఏడు కొత్త స్కూలు, కొత్త దారి. అందుకని ఇప్పటినుంచే పుస్తకాల సంచి వాళ్ళనే సర్దుకోనివ్వండి. మీరు పక్కన నిలబడి చూస్తే చాలు.