సముద్రపు నాడి ఎవరికి తెలియాలి?

వైద్యుడు నాడి చూడనిదే మందు ఇవ్వడు. తీరసముద్రం విషయంలో మాత్రం, చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకువచ్చిన తరువాతనే మనం రోగమేమిటని అడుగుతాం. విజ్ఞాన యుగంలో జీవిస్తున్నామని చెప్పుకొనే మనకు ఇది తగినది కాదు.

నాడి చూసే సాధనాలు నేడు లేకపోలేదు. 1999లో హైదరాబాదులో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం విశాఖపట్నం, కొచ్చి తీరాలలో లంగరు వేసిన బోయాలకు సెన్సార్లను అమర్చింది. నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, కరిగివున్న ప్రాణవాయువును, క్లోరోఫిల్‌ను అవి కొలిచి ఒడ్డుకు పంపుతవి.

ఈ కొలతల ప్రయోజనమేమి? మురుగునీరు సముద్రంలో కలిసినపుడు అందులోని నత్రజని, భాస్వరం నాచును విపరీతంగా పెంచుతవి. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. చేపలకు ఊపిరి ఆడదు. ఎప్పుడో ఒకనాడు సీసాతో నీరు ముంచి పరీక్షిస్తే, నిన్న రాత్రి వదలిన మురుగు దానికి చిక్కకపోవచ్చు. నీటి రంగును చదివే ఉపగ్రహానికి మేఘం అడ్డు. అహోరాత్రాలు నీటిలోనే కావలి ఉండే సెన్సారుకు ఈ లోపాలు లేవు.

అయితే దానికీ మానవహస్తం అవసరమే. నాచు, గవ్వజీవులు దానిపై పేరుకొని కొలత తప్పుతుంది. శుభ్రపరచి సరిచూసే మనిషి లేనిచో తప్పుడు లెక్కయే మిగులుతుంది. పరికరాన్ని కొనుట ఒకనాటి ఖర్చు, పోషించుట నిత్యధర్మం.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. చేపలు దొరకగల తావులను ఈ కేంద్రమే తెలుగుతో సహా తీరభాషలలో మత్స్యకారులకు తెలుపుతున్నది. నీరు ఎట్లున్నదో, చెడినచో ఎందుకు చెడినదో కూడా అదే భాషలో, అంతే శ్రద్ధతో ప్రతి పల్లెకు చేరాలి. లెక్క అధికారి బల్లమీదనే ఆగిపోతే ఒక్క మురుగుకాలువ కూడా బాగుపడదు. తెలిసిన ప్రజలు ప్రశ్నించినపుడే కొలత చర్యగా మారుతుంది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే ఈ ఆవరణలో శాస్త్రవిషయాన్ని ఇంటిభాషలోకి తెచ్చుకొనుట మనకు నిత్యానుభవం. ఆ నేర్పు తీరప్రజలకు ఉపయోగపడేటట్లు చేయుట మన బాధ్యత. సముద్రపు నాడి ముందుగా తెలియవలసినది దానిని నమ్ముకొని బ్రతికేవారికే.