తాతగారి ఇత్తడి లెన్సు



పోయిన వేసవిలో మన పాఠకురాలు ఒకతె నాకు ఉత్తరం వ్రాసింది. ఏడో తరగతి చదివే అమ్మాయి. వాళ్ల తాతగారి ట్రంకుపెట్టెలో ఒక ఇత్తడి గొట్టం దొరికిందట. దానికి రెండు చివర్లా గాజు బిళ్లలున్నాయట. ఆ అమ్మాయి మామయ్యకు ఫోటోల పిచ్చి. నల్లగుడ్డ కప్పుకుని చూసే పెద్ద కెమేరా ఒకటి ఆయన దగ్గర ఉన్నది. అందులో వేసే ఫిల్ము ఒక్కొక్కటి 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉంటుంది. మామయ్య ఆ లెన్సును దానికి బిగించి అమ్మమ్మను ఫోటో తీశాడు. ఫోటో అంతా పొగమంచు కమ్మినట్టు వచ్చింది.

"ఇది పూత లేని కాలం నాటి లెన్సు. ఎందుకూ పనికిరాదు. పాత ఇత్తడి కొనేవాడికి తూకానికి ఇచ్చేద్దాం," అన్నాడట మామయ్య. "ఇచ్చెయ్యమంటారా, మాస్టారూ?" అని అడుగుతూ అమ్మాయి ఆ ఫోటో కూడా పంపింది.

వద్దని వెంటనే జవాబు వ్రాశాను. ఎందుకు వద్దన్నానో మీకూ చెబుతాను.

రాత్రిపూట గదిలో దీపం వెలిగించి కిటికీ గాజులోకి చూడండి. బయట చీకటిగా ఉంటే గాజులో మీ ముఖం కనబడుతుంది. ఎందుచేతనంటే గాజు మీద పడిన వెలుతురంతా లోపలికి పోదు. 100 పాళ్లు పడితే సుమారు 4 పాళ్లు వెనక్కు తిరుగుతాయి. గాజులోంచి మళ్లీ గాలిలోకి వచ్చేటప్పుడూ అంతే. కాస్త మందమైన గాజుపలక దగ్గర టార్చిలైటు పట్టుకుని ఏటవాలుగా చూడండి, ఒక దీపానికి బదులు రెండు కనబడతాయి. ఒకటి గాజు ముందు తలానిది, రెండోది వెనక తలానిది.

పాత లెన్సులో ఎన్ని గాజుబిళ్లలు ఉన్నాయో, అవి ఎల్లా అమర్చారో విప్పకుండానే తెలుసుకోవటానికి ఇదే ఉపాయం. లెన్సును ఒక బల్బు కింద పట్టుకుని అందులో కనబడే చిన్న చిన్న దీపాలను లెక్కపెట్టాలి. గాలి, గాజు కలిసిన ప్రతి తలమూ ఒక మెరిసే చుక్కను చూపిస్తుంది. రెండు బిళ్లలను జిగురుతో అతికించిన చోట చుక్క చాలా మసకగా ఉంటుంది. (బల్బు అన్నాను, లెన్సులోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి. కన్ను పోతుంది.)

ఆ అమ్మాయిని కూడా లెక్కపెట్టి వ్రాయమన్నాను. "ముందు వైపు గాజులో 2 మెరిసే చుక్కలు, 1 మసక చుక్క. వెనక వైపు 4 మెరిసే చుక్కలు," అని వ్రాసింది. చూశారా! అది పెట్జ్వాల్ తరహా లెన్సు. 1839లో ఫ్రాన్సులో డగేర్ ఫోటో తీసే పద్ధతి వెల్లడి అయినప్పుడు, ఫోటో తీయించుకునేవాడు ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. వియన్నాలో లెక్కల ప్రొఫెసరుగా ఉన్న యోసెఫ్ పెట్జ్వాల్ 1840లో ఒక కొత్త లెన్సును లెక్క కట్టి తయారుచేయించాడు. లెక్కల్లో ఆరితేరిన ఫిరంగి దళం సిపాయిలు ఆయనకు సాయపడ్డారని చెబుతారు. ఈ లెన్సులోంచి చాలా ఎక్కువ వెలుతురు వస్తుంది గనక కూర్చోవలసిన నిమిషాలు కాస్తా సెకన్లయినాయి. దీనితో తీసిన బొమ్మలో నడిమి భాగం స్పష్టంగా ఉండి, అంచులు మసకబారతాయి. కళ్లు స్పష్టంగానూ, చెవులు మెత్తగానూ వస్తాయి. అది లెన్సు ఆకారం వల్ల వచ్చిన గుణమేగాని పూత లేనందువల్ల కాదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ఇక పూత సంగతి. మన లెన్సులో 6 తలాలు ఉన్నాయి. ఒక్కొక్క తలం దగ్గర నూటికి 4 చొప్పున పోగా, 100 పాళ్లలో 78 పాళ్లు మాత్రమే లోపలికి చేరతాయి. దీని గురించి బెంగ లేదు. 4 సెకన్లు చాలే చోట 5 సెకన్లు ఇస్తే సరిపోతుంది. అసలు చిక్కు తిరిగిపోయిన వెలుతురుతో వస్తుంది. అది వెనక్కు పోతూ, ముందున్న మరో తలానికి తగిలి, మళ్లీ ఫిల్ము వైపు తిరుగుతుంది. 100లో 4; ఆ 4లో మళ్లీ నూటికి 4. అంటే 0.16. చాలా చిన్న అంకె. అయితే 6 తలాల్లో ఇటువంటి జతలు ఎన్ని? 6 జట్లు ఒకదానితో ఒకటి చెడుగుడు ఆడితే 15 ఆటలవుతాయి గదా, జతలూ అన్నే. 15ను 0.16తో గుణిస్తే 2.4. ఇందులో కొంత కెమేరా లోపలి గోడలకు తగిలి పోతుంది. 2 పాళ్లు మిగిలిందనుకుందాం. అది ఫిల్ము అంతటా పలచగా పరుచుకుంటుంది.

ఇప్పుడు అమ్మమ్మను చూద్దాం. ఆమె చెంప మీది వెలుతురు 100, చీర మడతలోని నీడ 1 అనుకోండి. మొత్తం దృశ్యంలో సగటు వెలుతురు 50. దానిలో నూటికి 2 అంటే 1. ఈ 1 అన్నిచోట్లా చేరుతుంది. చెంప 101 అవుతుంది, ఎవరికీ తెలియదు. నీడ మాత్రం 1 నుంచి 2కు, అంటే రెట్టింపు అవుతుంది. బొగ్గులా నల్లగా పోవలసిన మడతలో కాస్త వెలుగు కనబడుతుంది. వయసు మళ్లినవారి ముఖంలో కళ్లకింద, ముడతల్లో నీడలుంటాయి గదా, వాటి కరుకుదనం తగ్గుతుంది.

మరి మామయ్య ఏం చేశాడు? అమ్మాయి పంపిన ఫోటోలోనే ఉన్నది జవాబు. అమ్మమ్మ వెనక పెద్ద కిటికీ, దాని అవతల ఎండ! కిటికీ వెలుతురు 1000, బొమ్మలో సగం అదే అనుకోండి. సగటు 500 దాటుతుంది. నూటికి 2 అంటే 10. చెంప 110, నీడ 11. ఇందాక చెంపకూ నీడకూ 50 రెట్లున్న తేడా 10 రెట్లకు పడిపోయింది. పొగమంచు అంటే అదే. తప్పు లెన్సుదా, కిటికీదా, కుర్చీ అక్కడ వేసినవారిదా? మామయ్యను నేనేమీ అనలేదు లెండి.

మన సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాంకు ఆస్థాన ఫోటోగ్రాఫరైన లాలా దీన్ దయాళ్ 1905లో చనిపోయాడు. కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, 1867లో హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుణ్ణి ఫోటో తీసిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఇంకా ముందటి మనిషి. వాళ్ల లెన్సులకు పూత అనేదే లేదు.

పూత వచ్చిన కథ నాకు కాస్త సిగ్గు కలిగించే కథ. 1890 తర్వాతి సంవత్సరాల్లో ఇంగ్లండులో డెనిస్ టేలర్ అనే లెన్సుల నిపుణుడు ఒక వింత గమనించాడు. చాలాకాలం గాలి తగిలి నీలంగా మసకబారిన లెన్సు, కొత్తదానికన్నా ఎక్కువ వెలుతురును పోనిస్తున్నది! ఆ మసక ఒక పలచని పొర. పొర పైతలం నుంచి తిరిగే అలా, కింది తలం నుంచి తిరిగే అలా ఒకదాన్నొకటి అణిచేస్తాయి. తిరిగిపోయే వెలుతురు తగ్గి, లోపలికి పోయేది పెరుగుతుంది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేస్తున్న స్మకులా, గాలి తీసేసిన పాత్రలో గాజు మీద ఇటువంటి పొరను కావాలనే పట్టించే పద్ధతి కనిపెట్టాడు. పొర మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు! మెగ్నీషియం ఫ్లోరైడు పూత ఒక పొర వేస్తే 4 పాళ్లు సుమారు 1½కు తగ్గుతాయి. ఊదారంగులో మెరిసే లెన్సులు అవే.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, 1986లో, బడి బీరువాలో ఇటువంటి ఇత్తడి లెన్సే ఉండేది. దానిమీద నీలిమసక చూసి "అయ్యో, మురికి పట్టింది!" అని పళ్లపొడి పెట్టి తోమాను. మసక పోయింది, గీతలు పడ్డాయి. వందేళ్లుగా గాలి తనంతట తాను వేసిన పూతను ఒక్క పూటలో పోగొట్టాను. గీతలు వెలుతురును చెదరగొట్టటం మూలాన ఆ తర్వాత ఆ లెన్సుతో తీసిన ఏ ఫోటో కూడా బాగా రాలేదు. అందుకే ఆ అమ్మాయికి వ్రాసిన మొదటి వాక్యం: "గాజును తోమకు, మెత్తని కుంచెతో దుమ్ము మాత్రం దులుపు."

రెండో మాట మామయ్యకు. అమ్మమ్మ కుర్చీ వరండాలో గోడ పక్కకు మార్చి, వెనక నల్ల కంబళి వేలాడదీయమన్నాను. నల్లకాగితం అట్టను గొట్టంలా చుట్టి లెన్సు ముందు తొడగమన్నాను. బొమ్మలోకి రానక్కరలేని వెలుతురు లెన్సుకు తగలకుండా అది అడ్డుపడుతుంది.

పదిహేను రోజులకు కొత్త ఫోటో వచ్చింది. కంబళి నల్లగా ఉన్నది. చీర మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. కళ్లకింది నీడలో కూడా చర్మం కనబడుతున్నది. కణత మీది తెల్లవెంట్రుకలు విడివిడిగా మెరుస్తున్నాయి. "నాకు ఇన్ని ముడతలు ఎప్పుడు వచ్చాయే?" అని అమ్మమ్మ అడిగిందట. అయినా ఆ ఫోటోను తాతగారి ఫోటో పక్కనే కట్టించమన్నదట. ఇత్తడి గొట్టం మళ్లీ ట్రంకుపెట్టెలోకి పోలేదు. మామయ్య దాన్ని తన బల్లమీదే ఉంచుకున్నాడు.

మీ ఇళ్లలో కళ్లజోళ్లు ఉంటాయి. పెద్దవాళ్లను అడిగి తీసుకుని బల్బు కింద పట్టి చూడండి. దీపం నీడ తెల్లగా ఉన్నదా, ఆకుపచ్చగానో ఊదాగానో ఉన్నదా? దేనికి పూత ఉన్నదో, దేనికి లేదో పట్టిక వేసి నాకు పంపండి.